డాలస్‌కి ఎన్ని గంటలు వదినా?

మా కార్ఖానాలో సాయంత్రం కూరగాయల బండి దగ్గర నలుగురు ఆడవాళ్ళం చేరితే ఇదివరకు బెండకాయల ధర గురించీ, నీళ్ళొచ్చే వేళ గురించీ మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడూ మాట్లాడుకుంటాం. కానీ సంచిలో కూరలు పడీ పడకముందే "మీ అబ్బాయి దగ్గరికి ఎప్పుడు ప్రయాణం? ఏ విమానం? ఎన్ని గంటలు పడుతుందిట వదినా?" అన్న మాట వచ్చేస్తోంది. మా వీధిలో రెండిళ్ళకి ఒక ఇంట్లోనన్నా అమెరికాలో పిల్లలున్నారు. అందులోనూ డాలస్ వైపు ఎక్కువ. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ అనే పేర్లు మా పెద్దవాళ్ళు బోయినపల్లి, బొల్లారం అన్నంత తేలిగ్గా పలుకుతారు.

ఎన్ని గంటలు అంటే మాత్రం ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. ఒకావిడ 16 అంటుంది. ఇంకొకావిడ 20 అంటుంది. టిక్కెట్టు చేతిలో ఉన్నావిడ ఇరవై మూడున్నర అంటుంది. వెళ్ళొచ్చినావిడ మోకాళ్ళు పట్టుకుని "ముప్ఫై అమ్మా, ముప్ఫై" అంటుంది. చిత్రమేమిటంటే నలుగురిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఈ నాలుగు లెక్కలకీ తేడా ఎక్కడొస్తోందో తెలిస్తే టిక్కెట్టు కొనేటప్పుడు ఏది చూడాలో, ఏది చూడక్కర్లేదో తెలుస్తుంది. మా అమ్మ ఈసారి ఒంటరిగా మా తమ్ముడి దగ్గరికి బయల్దేరుతోంది కనక కాగితం, పెన్సిలు పెట్టుకుని కూచుని ఈ లెక్క తేల్చాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అమ్మకి 68 ఏళ్ళు. బి.పి., షుగరు రెండూ ఉన్నాయి. తెలుగూ, దుకాణం హిందీ తప్ప వేరే భాష రాదు. మా మరదలి తల్లిగారు ఆరు నెలలుండి పసివాణ్ణి చూసుకుని తిరిగొచ్చేస్తున్నారు, ఇప్పుడు మా అమ్మ వంతు. ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టు అమ్మమ్మ దిగుతుంటే నాయనమ్మ ఎక్కడం ఇవాళ మన ఇళ్ళల్లో మామూలైపోయింది కదండీ.

ముందు దూరం సంగతి చూద్దాం. గోడకి తగిలించే ప్రపంచపటంలో అమెరికా ఎడమచేతి వైపు చివర్న ఉంటుంది. అందుకని విమానం పడమటికి పోయి, అరబ్బు దేశాలు దాటి, యూరప్ దాటి, అట్లాంటిక్ సముద్రం దాటి వెళ్ళడమే దగ్గర దారి అనుకుంటాం. కానీ పటం బల్లపరుపు, భూమి గుండ్రన. నమ్మకపోతే ఒక బత్తాయిపండు తీసుకోండి. తొడిమ ఉన్న చోటు ఉత్తర ధ్రువం అనుకోండి. పండు నడుముకి కాస్త పైన ఒక చుక్క పెట్టండి, అది హైదరాబాదు. పండుని సరిగ్గా అటువైపుకి తిప్పి, నడుముకి ఇంకొంచెం పైన మరో చుక్క పెట్టండి, అది డాలస్. ఇప్పుడు రెండు చుక్కల్నీ కలుపుతూ ఒక దారం బిగించి పట్టండి. దారం పక్కనుంచి చుట్టుకుని పోదు, తొడిమ మీదుగా పోతుంది!

హైదరాబాదు నుంచి డాలస్‌కి అన్నిటికన్నా దగ్గర దారి నిజంగా అదే. ఇక్కణ్ణుంచి నేరుగా ఉత్తరానికి, ఢిల్లీ మీదుగా, హిమాలయాలు దాటి, రష్యా మంచు మైదానాలు దాటి, ఉత్తర ధ్రువాన్ని దాదాపు ఆనుకుంటూ అటువైపు కెనడాలోకి దిగి డాలస్ చేరాలి. ఆ దారి పొడవు సుమారు 14,400 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కాబట్టి ఏ రెండు ఊళ్ళ మధ్యనైనా 20,000 కిలోమీటర్లకి మించి దూరం ఉండదు. మా తమ్ముడు అందులో మూడింట రెండొంతులకి పైగా దూరం పోయి కూచున్నాడన్నమాట. బత్తాయి మీద చూపిస్తే అమ్మ "అయితే వాడు మన కాళ్ళ కిందున్నాడటే" అంది. సరిగ్గా కాళ్ళ కింద కాదు లెండి, మన కాళ్ళ కింద ఉన్నది పసిఫిక్ మహాసముద్రం. కానీ పగలూ రాత్రీ మాత్రం తిరగబడతాయి. మనకి మధ్యాహ్నం అన్నం వేళ అయితే వాళ్ళకి అర్ధరాత్రి. చలికాలంలో వాళ్ళ గడియారం మనకన్నా పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వాళ్ళు గడియారాన్ని గంట ముందుకి జరుపుకుంటారు కనక అప్పుడు పదిన్నర గంటలే వెనక.

పెద్ద విమానం ఆకాశంలో గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. 14,400ని 900తో భాగించండి. పదహారు! మొదటావిడ చెప్పిన లెక్క ఇదే. కాకపోతే ఆ పదహారు గంటల విమానం హైదరాబాదు నుంచి లేదు.

ఎందుకు లేదు, అంతసేపు విమానం ఎగరలేదా అంటే, ఎగరగలదు. సింగపూర్ నుంచి న్యూయార్కుకి 15,300 కిలోమీటర్లకి పైగా ఉన్న దూరాన్ని ఆగకుండా వెళ్ళే విమానాలు 2020 నుంచి నడిచాయి. మన సంగతే తీసుకోండి. 2021 జనవరి 9 రాత్రి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఎయిరిండియా విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చి 11వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరులో దిగింది. ఆ విమానం నడిపిన నలుగురూ ఆడవాళ్ళే. నాయకురాలు కెప్టెన్ జోయా అగర్వాల్. ఆమెతో కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోన్‌వారే, కెప్టెన్ శివానీ మన్హాస్. రెండు ఊళ్ళ మధ్య దగ్గర దారి దాదాపు 14,000 కిలోమీటర్లు. పదిహేడు గంటలు గాల్లో! కింద చూస్తే మంచు తప్ప మరేమీ లేని చోటు మీదుగా ఇంతమందిని క్షేమంగా తెచ్చి దింపారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు కడుపు నిండిపోతుంది.

ఆ నెలలోనే, జనవరి 15న, మన శంషాబాదు నుంచి షికాగోకి కూడా నేరుగా విమానం వేశారు, వారానికి ఒక్కటి. 13,300 కిలోమీటర్లు. మా వీధంతా పండగ చేసుకుంది. తర్వాత అది ఆగిపోయింది. ఇంత దూరం ఆగకుండా పోవాలంటే దారి పొడుగునా కావలసిన ఇంధనమంతా మొదటే నింపుకోవాలి. ఆ ఇంధనం బరువు మోయడానికే మరికొంత ఇంధనం కాలుతుంది. పెద్ద విమానాలు కావాలి, ఖరీదైన సీట్లు రోజూ నిండాలి. మధ్యలో దించి ఎక్కించే విమానానికైతే పది ఊళ్ళ జనాన్ని ఒకచోట పోగుచేసే వీలుంది. ఎక్కువమంది వెళ్ళేది మన ఊరినుంచే అని మనం గొప్పగా చెప్పుకుంటాం, కానీ లెక్కలు కట్టేవాళ్ళకి ఎక్కేవాళ్ళ సంఖ్య ఒక్కటే సరిపోదుట.

సరే, ఉన్న దారుల్లోకి వద్దాం. దుబాయ్ మీదుగా అయితే హైదరాబాదు నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి డాలస్ సుమారు 12,900. కలిపితే 15,450. లండన్ మీదుగా అయితే 7,750, ఆపైన 7,630, కలిపి 15,380. చూశారా, ఏ దారిన పోయినా దగ్గర దారి కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. విమానానికి వెయ్యి కిలోమీటర్లంటే గంటా పది నిమిషాలు. "ఫలానా ఊరు చుట్టుతిరుగుడు, ఫలానా ఊరు దగ్గర" అని వాదించుకోవడం అనవసరం.

గాల్లో ఉండే సమయం దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కణ్ణుంచి డాలస్‌కి పదహారు గంటల పైచిలుకు. ఇదీ రెండో ఆవిడ చెప్పిన ఇరవై. కిలోమీటర్ల లెక్క ప్రకారం ఇంకా తక్కువే రావాలి. కానీ విమానం నేల మీద పాకే సమయం ఉంటుంది, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు నెమ్మదిగా పోతుంది. అదీగాక పై ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకి పెద్ద గాలి వీస్తూ ఉంటుంది. వెళ్ళేటప్పుడు చాలా దూరం దానికి ఎదురీదాలి. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తుంది కనక గంటో, గంటన్నరో తగ్గుతుంది.

ఇప్పుడు ఇరవై ఎక్కడ, ముప్ఫై ఎక్కడ? ఉదాహరణకి ఎండాకాలంలో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకి శంషాబాదులో విమానం అనుకోండి. మన గడియారం ప్రకారం 8 గంటలకి దుబాయ్. అక్కడ మూడు గంటల పది నిమిషాలు ఆగి ఎక్కితే, డాలస్‌లో దిగేసరికి మనకి మంగళవారం తెల్లవారుజామున మూడున్నర. వాళ్ళ గడియారంలో ఇంకా సోమవారం సాయంత్రం 5 గంటలే. టిక్కెట్టు మీద లెక్క ఇరవై మూడున్నర గంటలు.

టిక్కెట్టు అక్కడితో ఆగుతుంది. మనిషి ఆగదు. నాలుగు గంటల విమానానికి ఒంటిగంటకల్లా శంషాబాదులో ఉండాలి. అందుకు మా కార్ఖానాలో ఆదివారం రాత్రి పదకొండున్నరకి కారెక్కాలి. 2008 మార్చి దాకా విమానాశ్రయం బేగంపేటలో ఉండేది, మాకు పక్క వీధికి పోయినట్టుండేది. ఇప్పుడు ఊరంతా దాటి అటు చివరికి పోవాలి. అక్కడ దిగాక పాస్‌పోర్టుల వరస, పెట్టెల కోసం ఎదురుచూపు, తమ్ముడి ఇంటికి కారు ప్రయాణం. గుమ్మంలో అడుగుపెట్టేసరికి వాళ్ళకి రాత్రి 7, మనకి మంగళవారం పొద్దున ఐదున్నర. గుమ్మం నుంచి గుమ్మానికి ముప్ఫై గంటలు! వెళ్ళొచ్చినావిడ మోకాళ్ళు పట్టుకోవడంలో తప్పేముంది?

ఇందులో ఒక తమాషా ఉంది. మా వీధి చివర పెద్దావిడ ఒకరు శనివారాలు ఒక్కపొద్దుంటారు. ఆవిడ ప్రయాణం శనివారం పడింది. మన అర్ధరాత్రి మొదలైన శనివారం డాలస్ అర్ధరాత్రి దాకా నడుస్తుంది కదా, ఆవిడకి ఆ రోజు ముప్ఫై నాలుగున్నర గంటల శనివారం వచ్చింది! వేంకటేశ్వరస్వామి ఇంతకన్నా ఏమడుగుతాడు? తిరిగొచ్చేటప్పుడు దీనికి వడ్డీతో సహా కోసేస్తారు. సోమవారం రాత్రి అక్కడ ఎక్కితే బుధవారం తెల్లవారేసరికి ఇక్కడ దిగడం, మధ్యలో మంగళవారం ఏమైందో ఎవరికీ తెలియదు.

ఈ గంటల లెక్క నాకు అసలు ఎందుకు పట్టుకుందో చెప్పాలి. 2019 కార్తీకమాసంలో మా నాన్నగారు పోయారు. బుధవారం పొద్దున 5 గంటల 40 నిమిషాలకి. తమ్ముడికి అప్పుడు మంగళవారం సాయంత్రం ఆరు దాటింది, ఆఫీసునుంచి వస్తూ కార్లో ఉన్నాడు. ఇక్కడ పెద్దవాళ్ళు రెండు పక్షాలయ్యారు. పొద్దుగూకేలోపు అయిపోవాలి, శవాన్ని రాత్రంతా ఇంట్లో ఉంచకూడదని మా పెదనాన్నగారు. ఒక్కగానొక్క కొడుకు, రానివ్వండి అని మేనమామ. అందరూ అమ్మ వైపు చూశారు. అమ్మ ఏడవలేదు. "వాడికి ఎన్ని గంటలు పడుతుంది?" అని నన్ను అడిగింది. అంతే అడిగింది.

అక్కడ రాత్రి తొమ్మిదిన్నరకి లండన్ మీదుగా వచ్చే విమానంలో సీటు దొరికింది. లండన్‌లో మధ్యలో రెండే గంటలు. అది తప్పితే ఇంకో రోజు. ఇక్కడ నాన్నగారిని అద్దాల ఫ్రీజరు పెట్టెలో పెట్టి, దాని చప్పుడు వింటూ ఆ రాత్రంతా కూచున్నాం. లండన్‌లో విమానం మారానని వాడు పెట్టిన మెసేజి చదివి వినిపించేదాకా అమ్మ మంచినీళ్ళు ముట్టలేదు. గురువారం పొద్దున ఏడున్నరకి తమ్ముడు గుమ్మంలోకొచ్చాడు. దాదాపు 26 గంటలు. అంతకన్నా త్వరగా రావడం ఎవరివల్లా కాదేమో. వాడి బూట్లు విప్పించి, నెత్తిన నీళ్ళు పోయించి, తొమ్మిదింటికి బయల్దేరదీశారు. పెదనాన్నగారే వాడి చెయ్యి పట్టుకుని నడిపించారు.

వాడు రాగలిగాడంటే విమానం ఒక్కటే కారణం కాదు. వాడి పాస్‌పోర్టులో వీసా ముద్రకి ఇంకా గడువుంది. అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి అనుమతి ఉన్నా, పాస్‌పోర్టులో ముద్ర గడువు దాటినవాళ్ళు చాలామంది ఉంటారు. ఇక్కడికొస్తే మళ్ళీ ముద్ర వేయించుకున్నాకే తిరిగి వెళ్ళాలి. ఆ అపాయింట్‌మెంటుకి ఎన్ని నెలలో! మా ఎదురింటి అబ్బాయి ఆ భయంతోనే తల్లి చివరి చూపుకి రాలేకపోయాడు, ఫోనులోనే చూశాడు. అతన్ని తిట్టినవాళ్ళు మా వీధిలో ఉన్నారు. నేను తిట్టను. ఆ కుర్రాడికి డాలస్ నుంచి కార్ఖానా ముప్ఫై గంటల దూరం కాదు, అంతే. మీ పిల్లలు అక్కడుంటే ఈసారి ఫోనులో "తిన్నావా, పడుకున్నావా" తర్వాత "పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా, వీసా ముద్ర ఉందా" అని కూడా అడగండి. విసుక్కుంటారు. అయినా అడగండి.

కరోనా కాలంలో అయితే ఎవరి లెక్కలూ పనికిరాలేదు. 2020 మార్చి ఆఖరివారం నుంచి 2022 మార్చి 27 దాకా మామూలు విదేశీ విమానాలు లేనే లేవు, ప్రత్యేక విమానాలు తప్ప. దూరం అంతే ఉంది, 14,400. గంటలే లేకుండా పోయాయి.

ఇంతకీ అమ్మ టిక్కెట్టు. నేను మొదట చూసింది ధర కాదు, మధ్యలో ఆగే సమయం. బాగా చౌకగా వచ్చే టిక్కెట్లలో ఎక్కడో పదకొండు గంటలు, పదిహేను గంటలు కూచోబెడతారు. పాతికేళ్ళ పిల్లలు సంచి తలకింద పెట్టుకుని నిద్రపోతారు. షుగరున్న మనిషి పదిహేను గంటలు ఇనపకుర్చీలో కూచుని కాళ్ళు వాచి దిగితే, మిగిలిన డబ్బులు అక్కడ డాక్టరుకి పోస్తాం. అలాగని గంటంపావు తేడా ఉన్నదీ వద్దు. మొదటి విమానం ముప్పావు గంట ఆలస్యమైతే రెండోది పోతుంది. ముసలివాళ్ళకి చక్రాల కుర్చీ అడుగుతాం కదా, ఆ కుర్చీ తోసే మనిషి వచ్చేదాకా ఆగాలి కూడాను. మూడు నుంచి నాలుగు గంటలు, నా లెక్కలో అది సరైన కొలత.

రెండోది, అమెరికాలో మొదట దిగే ఊరు పిల్లలున్న ఊరే కావాలి. ఇది చాలామందికి తెలియదు. దుబాయ్ నుంచి న్యూయార్కు, న్యూయార్కు నుంచి డాలస్ అని టిక్కెట్టు ఉంటే, న్యూయార్కులోనే పాస్‌పోర్టు తనిఖీ అయిపోవాలి, అక్కడే పెట్టెలు దింపుకుని, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాలి. ఇంగ్లీషు రాని పెద్దావిడ 23 కిలోల పెట్టెలు రెండు లాక్కుంటూ ఈ పనంతా చెయ్యగలదా? పదివేలు ఎక్కువైనా సరే, డాలస్‌లోనే దిగే విమానం తీసుకున్నాం. అన్ని విమానాలూ ఒకే టిక్కెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే మధ్యలో ఒకటి తప్పినప్పుడు రెండోవాళ్ళు మాకు సంబంధం లేదంటారు. యూరప్ మీదుగా వెళ్ళేవాళ్ళు మధ్య ఊళ్ళో ఆగడానికి వీసా కావాలేమో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

మధ్య ఊరు ఏదైనా ఆకాశం మన చేతిలో ఉండదు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత వాన కురిసి విమానాశ్రయమే నీళ్ళలో మునిగింది, జనం రోజుల తరబడి అక్కడే పడున్నారు. 2025 జూన్ 23న ఖతార్ మీద క్షిపణులు పడినప్పుడు ఆ ఆకాశం కొన్ని గంటలు మూసేశారు. అందుకని మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టకూడదు. అమ్మ చేతిసంచిలో నాలుగు రోజుల మాత్రలు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు పెడుతున్నాను. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలన్నది ఇంకో చిక్కు, ఎందుకంటే దారిలో గడియారం రెండుసార్లు మారుతుంది. మా డాక్టరుగారు అమ్మకి తేలిక మార్గం చెప్పారు. చేతి గడియారం హైదరాబాదు టైములోనే ఉంచి, ఇల్లు చేరేదాకా దాని ప్రకారమే వేసుకోమన్నారు, అక్కడ స్థిమితపడ్డాక మార్చుకోవాలి. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి ఇది సరిపోకపోవచ్చు, మీ డాక్టరుని మీరు అడగండి.

విమానం లోపల గాలి ఊటీ కొండ మీద కూచున్నట్టుంటుంది, పల్చగా, బాగా పొడిగా. పెదాలు పగులుతాయి, దాహం తెలియదు. మన ఆడవాళ్ళు బాత్రూమ్‌కి లేవాల్సివస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు చూడండి, అది అన్నిటికన్నా ప్రమాదం. కదలకుండా గంటలకొద్దీ కూచుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. నీళ్ళు తాగాలి, లేవాలి, నాలుగడుగులు నడవాలి. అందుకే అమ్మకి కిటికీ సీటు కాకుండా నడవ పక్క సీటు తీసుకున్నాం. మేఘాలు చూడలేదుగానీ మోకాళ్ళు మిగుల్తాయి.

పెట్టెల్లో ఏం పెట్టాలన్నది ఇంకో వారం రాయాల్సినంత ఉంది. నాలుగు మాత్రం ఇప్పుడే చెప్తాను. గసగసాలు వద్దు. దుబాయ్, అబుదాబి ఉన్న దేశంలో అవి నిషిద్ధం, తెలియక పట్టుకెళ్ళి జైలుపాలైనవాళ్ళున్నారు. ఎండుకొబ్బరి చిప్పలు లగేజీలో ఒప్పుకోరు, నూనె సరుకు, అంటుకునే ప్రమాదం. పచ్చి కరివేపాకు అమెరికాలో లోపలికి రానివ్వరు. వేయించి పొడి చేసి పట్టుకెళ్ళండి, కరివేపాకు పొడి కోసమే ఎదురుచూసేవాళ్ళుంటారు అక్కడ. ఆవకాయ చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర ద్రవపదార్థం కింద తీసేస్తారు. పెద్ద పెట్టెలో, రెండు కవర్లలో, ఊట బయటికి రాకుండా.

అమ్మ మెడలో ఒక అట్టముక్క తగిలిస్తున్నాను. ఒక పక్క తెలుగులో విమానాల నంబర్లు, ఎక్కే వేళలు. రెండో పక్క ఇంగ్లీషులో తమ్ముడి పేరు, ఫోను నంబరు, "నేను డాలస్ వెళ్ళాలి, నాకు ఇంగ్లీషు రాదు, దయచేసి గేటు దగ్గరికి తీసుకెళ్ళండి" అన్న మాట. "బడికెళ్ళే పిల్లకి కట్టినట్టు ఇదేమిటే" అంది అమ్మ. కానీ నిన్న చూస్తే ఆ అట్టముక్కకి తనే ప్లాస్టిక్ కవరు కుట్టుకుంటోంది.

తమ్ముడికీ మరదలికీ కూడా ఒక మాట చెప్పాను, అదే మాట అక్కడున్న మీ పిల్లలకి మీరూ చెప్పండి. పగలూ రాత్రీ తిరగబడ్డ శరీరం కుదురుకోవడానికి పెద్దవాళ్ళకి పది రోజులు దాకా పడుతుంది. అమ్మ మధ్యాహ్నం మూడింటికి కూచున్నచోటే నిద్రపోతుంది, రాత్రి రెండింటికి లేచి వంటింట్లో గిన్నెలు సర్దుతుంది. ఆ పది రోజులూ పిల్లాణ్ణి ఒక్కదాని మీద వదిలేసి ఇద్దరూ ఆఫీసులకి పోవద్దు. మరదలు మొదటివారం సెలవు పెడతానంది. తమ్ముడు రెండోవారం ఇంటినుంచి పనిచేస్తానన్నాడు. ఆ తేదీలు ఖాయమయ్యాకే టిక్కెట్టుకి డబ్బు కట్టాం.